సారింటి పెళ్లికార్డులు కూడా నా డ్యూటీయేనా?

ప్రశ్న: నమస్తే మేడం, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బీకాం అయ్యాక ఇక్కడే ఒక చారిటబుల్ ఫౌండేషన్‌లో సెక్రటరీ గారి దగ్గర ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా చేరాను. ఆయన క్యాలెండర్, మెయిల్స్, బోర్డు మీటింగులు, డోనర్లొస్తే వాళ్ల ఏర్పాట్లు అన్నీ నేనే చూస్తా, ఆ పని నాకిష్టమే. కానీ ఈమధ్య వాళ్లింటి గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, ఇప్పుడు వాళ్లమ్మాయి పెళ్లికార్డుల లిస్టు కూడా నా మీదే పడ్డాయి. నాన్నేమో "అన్నం పెట్టేచోట లెక్కలు చూస్తారా" అంటారు. జీతం కూడా అంతంతమాత్రమే. అడగాలా, ఊరుకోవాలా?

జవాబు: అడగాలమ్మా. నాన్నగారి మాట పాతకాలం షావుకారు కొట్టుకి సరిపోతుందేమో, అక్కడ గుమస్తా షావుకారింటికి కూరలు మోసినా డబ్బు షావుకారుదే కాబట్టి ఎవరూ ఏమనుకోలేదు. ఫౌండేషన్ డబ్బు సెక్రటరీ గారిది కాదు కదా, మీ జీతం ఎవరో పిల్లల చదువుకనో వైద్యానికనో ఇచ్చిన విరాళంలోంచి వస్తోంది. పన్ను మినహాయింపు తీసుకుంటున్న సంస్థ సొమ్ము ట్రస్టీలకో, నడిపేవాళ్లకో, వాళ్ల చుట్టాలకో సొంతానికి ఉపయోగపడితే ఇన్‌కంటాక్స్ వాళ్లు ఆ మినహాయింపు మీదే చెయ్యి వేస్తారు. ఆఫీసు టైములో మీరు రాసే పెళ్లికార్డు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఒక్క గ్యాస్ సిలిండర్‌కి ఎవరూ రారనుకోండి, కానీ అలవాటైపోయాక ఏదో ఒకరోజు ఆడిటర్ అడుగుతాడు, అడిగేది కూడా మిమ్మల్నే, కాగితాలన్నీ మీ చేతిలోనే ఉంటాయి కాబట్టి.

అలాగని సొంత పనికీ ఆఫీసు పనికీ మధ్య మరీ గీత గీసుకుని కూర్చోకండి. డోనర్ హైదరాబాద్ నుంచి వస్తుంటే పలాసలో ఏ రైలు దిగుతారు, అక్కణ్ణుంచి కారు ఎన్నింటికి, దారిలో టిఫిన్ ఎక్కడ, ఇదంతా రాత్రి పదకొండింటికి ఫోనొచ్చినా మీ పనే. బోర్డులో బయటి ఊరి మెంబర్లుంటే జూన్ మధ్యలో మీటింగు పెడదామంటారు చూడండి, అప్పుడు ఒడిశాలో ఆడపిల్లలు చేసుకునే రొజొ పండగని వాళ్లకి తెలీదు, ఇక్కడ అమ్మాయిలంతా ఉయ్యాలలెక్కి ఉంటే ఫీల్డ్ స్టాఫ్‌ని ఎవర్ని పిలుస్తారు? ఆ తేదీ నోటీసులోకి ఎక్కకముందే ఆపాల్సింది మీరే. (మంచి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ చేసిన పని ఎవరికీ కనపడదు, అదే ఈ ఉద్యోగంలో చిరాకు.)

సారుతో "నేను చెయ్యను" అని మొదలెట్టొద్దు. చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఇంటి పనులు అడుగున విడిగా పెట్టి, "సార్, ఆడిటర్ అడిగితే ఇవి ఏ ఖాతా కింద చెప్పమంటారు?" అనండి. చాలామంది అక్కడితో తగ్గుతారు. ఆ కాగితం పైభాగాన్నే మీ డ్యూటీల లిస్టుగా సంతకం చేసివ్వమని అడగండి. ఇక ఆదివారం మీ ఇష్టంతో వాళ్లింటికెళ్లి కార్డులు రాసిపెట్టి భోంచేసి వస్తే అది మీ మంచితనం, దానికెవరూ అడ్డు చెప్పరు.

జీతం సంగతి. మీ సంస్థకి విదేశీ విరాళాలొస్తుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల మీద ఉన్న చట్టం) కింద ఆఫీసు ఖర్చులు ఆ డబ్బులో 20 శాతం దాటకూడదు, 2020 సవరణకి ముందు 50 దాకా ఉండేది. మీలాంటి ఆఫీసు స్టాఫ్ జీతం ఆ 20 లోనే సర్దాలి, ఊళ్లో పాఠం చెప్పే టీచర్ జీతం అందులోకి రాదు. కాబట్టి "చెయ్యి ఆడట్లేదమ్మా" అని సారంటే ప్రతిసారీ సాకు అనుకోకండి, మీ జీతం ఏ హెడ్ కింద పడుతోందో ముందు అకౌంట్స్‌లో కనుక్కోండి. లోకల్ విరాళాల్లోంచి ఇస్తుంటే ఆ హద్దు మీకు వర్తించదు. ఒడియాలో వచ్చిన ఫీల్డ్ రిపోర్టుని బోర్డుకి ఇంగ్లీషులో పెట్టి, ఊళ్లోవాళ్లతో తెలుగులో మాట్లాడగలిగే మనిషి భువనేశ్వర్ నుంచి దిగిరాడు, అది గట్టిగానే చెప్పండి. అడిగేది మాత్రం జనవరి, ఫిబ్రవరిలో బడ్జెట్ వేసేటప్పుడే, బోర్డు దాన్ని పాస్ చేసేశాక అడిగితే మళ్లీ ఏడాది ఆగాలి.