విశాఖలో ఉద్యోగం చేస్తూ, కోచింగ్ లేకుండా క్యాట్ రాయగలమా?

"గాజువాకలో ఉంటాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఋషికొండలో ఉద్యోగం. నవంబరులో క్యాట్ రాద్దామనుకుంటున్నాను. కోచింగ్‌కి డబ్బు కట్టాలా? ఇంగ్లీషు సెక్షన్ నా వల్ల అవుతుందా?" అని, ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్ష గురించి మీరు అడిగారు. ఊరు, మీడియం, ఉద్యోగం మూడూ నావే కాబట్టి జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

రాయగలరు. కోచింగ్ లేకపోయినా రాయగలరు. కానీ మీ భయమంతా ఇంగ్లీషు మీద పెట్టుకున్నారు. నా మొదటి క్యాట్ పోయింది ఇంగ్లీషులో కాదు, లెక్కల్లోనూ కాదు. ఒకే ఒక్క లాజిక్ సెట్ (ఒకే సమాచారం మీద అడిగే నాలుగు ప్రశ్నల గుంపు) దగ్గర ఇరవై ఆరు నిమిషాలు కూర్చుని పోగొట్టుకున్నాను. ముందు అది చెబుతాను.

2018 నవంబరు 25, ఆదివారం. నాది మధ్యాహ్నం స్లాట్. సెంటరు ఊరవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. మా నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. ఆ రోజు బీ షిఫ్ట్ ఉంటే ఎవరితోనో మార్చుకుని, నన్ను బండి మీద తీసుకెళ్లారు. గేటు దగ్గర తనిఖీ చేస్తున్న ఆవిడ నా ముక్కుపుడక చూసి "తీసెయ్యాలమ్మా" అంది. నగలు పెట్టుకోకూడదని అడ్మిట్ కార్డులో ఉంది, నేనూ చదివాను. గాజులు, చెవి కమ్మలు ఇంట్లోనే తీసి పెట్టాను. తొమ్మిదో తరగతి నుంచి ముక్కుకే ఉన్న పుడక మాత్రం నగ అన్న ఆలోచనే రాలేదు. మర బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా రాదు. నాన్న రోడ్డు దాటి కిరాణా కొట్టులో కొబ్బరినూనె ప్యాకెట్ కొనుక్కొచ్చారు. వేళ్లు జారిపోతుంటే చున్నీ కొసతో పట్టుకుని తిప్పి తిప్పి తీశాను. ముక్కు ఎర్రబడింది, కళ్లలో నీళ్లు. పుడకని నాన్న చొక్కా జేబులో వేసి లోపలికి పరిగెత్తాను. మీరు అమ్మాయైతే ముక్కుపుడక ముందురోజు రాత్రే తీసి చూసుకోండి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు పరీక్ష మూడు గంటలు, వంద ప్రశ్నలు. ఒక్కో సెక్షన్‌కి గంట. ఆ గంట అయిపోతే కంప్యూటరే తర్వాతి సెక్షన్‌లోకి తీసుకెళుతుంది, మళ్లీ వెనక్కి రావడం కుదరదు. మొదటిది ఇంగ్లీషు, బాగానే రాశాను. రెండోది డీఐఎల్‌ఆర్, అంటే పట్టికలు, లాజిక్ ప్రశ్నలు. ముప్ఫై రెండు ప్రశ్నలు, నాలుగేసి చొప్పున ఎనిమిది సెట్లు.

మొదటి సెట్ చదవగానే ఇలాంటిది ఎక్కడో చేశానే అనిపించింది. వాళ్లిచ్చిన ప్యాడ్ మీద పట్టిక గీశాను. ఎనిమిది నిమిషాల్లో ఒక్క గడి తప్ప అన్నీ నిండాయి. ఆ చివరి గడిలో అడ్డంగా కూడితే 3 రావాలి, నిలువుగా కూడితే 4 వస్తోంది. ఎక్కడో తప్పు చేశాను. పెన్ను కాబట్టి చెరపడానికి లేదు. పేజీ తిప్పి మళ్లీ గీశాను. ఈసారి ఇంకో గడి తేడా కొట్టింది. పక్క సీటు అబ్బాయి మౌస్ టక్ టక్‌మని నొక్కుతున్నాడు. తెర కుడివైపు ప్రశ్నల నంబర్లలో నావి మొదటి నాలుగూ ఎర్రగా ఉన్నాయి, అంటే చూశాను గానీ జవాబు పెట్టలేదని. మిగతావన్నీ అసలు తెరవనే లేదు. అప్పుడైనా వదిలెయ్యాలి కదా. "ఇంత చేశాక ఇప్పుడు వదిలితే ఎలా, ఇంకొక్క రెండు నిమిషాలు" అనుకున్నాను. అలా ఎన్ని రెండు నిమిషాలో! ఆ సెట్ అయ్యేసరికి ఇరవై ఆరు నిమిషాలు పోయాయి. అదీ సరిగ్గా వచ్చిందన్న నమ్మకం లేదు.

తర్వాత ఇంకో సెట్ తొందర తొందరగా చేశాను. చివర్లో ఏడు నిమిషాలు మిగిలినప్పుడు ఆరో సెట్ తెరిచాను. చదవగానే దారి కనిపించింది. పది నిమిషాలుంటే నాలుగుకి నాలుగూ వచ్చేవి. ఏడు నిమిషాల్లో సగం పట్టిక దాకా వచ్చాను, తెర మారి క్వాంట్, అంటే లెక్కల సెక్షన్ వచ్చేసింది. ఆ గంటంతా నా బుర్ర ఆరో సెట్ దగ్గరే ఉండిపోయింది.

బయటికొస్తే నాన్న గేటు ఎదురుగా చెట్టు కింద, ఇంకో నలుగురు తండ్రులతో నిలబడి ఉన్నారు. చేతిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం. నా మొహం చూసి ఏమీ అడగలేదు. "ముందు తిను తల్లీ" అన్నారు. పుడక జేబులోంచి తీసి, నూనె మరకైన చొక్కాకే తుడిచి ఇచ్చారు.

2019 జనవరి 5న ఫలితాలొచ్చాయి. డీఐఎల్‌ఆర్‌లో ఎనిమిది ప్రశ్నలు పెడితే ఐదు ఒప్పు, మూడు తప్పు. ఒప్పుకి మూడు, తప్పుకి మైనస్ ఒకటి. మొత్తం 12 మార్కులు. క్వాంట్ బాగుండి ఏం లాభం? ఐఐఎంలు ప్రతి సెక్షన్‌కీ విడిగా కనీస పర్సంటైల్ (రాసినవాళ్లలో ఎంత శాతం మంది మన వెనక ఉన్నారన్న లెక్క) చూస్తాయి. ఒక్కచోట పడితే మిగతా రెండూ కాపాడవు.

ఇది ఎందుకు జరిగిందో నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా సరే. మనల్ని తయారు చేసింది ఎంసెట్. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు, నెగటివ్ మార్కులు లేవు. అక్కడ ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా తెలివితక్కువతనమే. ఇంటర్ రెండేళ్లూ మా లెక్చరర్లు "ఏదో ఒకటి పెట్టి రండి, వదలకండి" అనే నూరిపోశారు. రాష్ట్రంలో ఎంబీఏకి పెట్టే ఐసెట్‌లోనూ అంతే, నెగటివ్ లేదు. ఇలా పెరిగినవాళ్లం క్యాట్‌కి వెళ్లి, వదలడం నేరం అన్నట్టు కూర్చుంటాం. క్యాట్ పేపర్ పెట్టేవాళ్లకి మీరు అన్నీ చెయ్యాలని లేదు. ఇచ్చిన సెట్లలో ఏవి మీవో కనిపెట్టగలరా అన్నదే వాళ్ల పరీక్ష. మన వైపు పిల్లలు లెక్కల్లో ఎవరికీ తీసిపోరు. ఈ ఒక్క అలవాటు దగ్గరే దెబ్బ తింటున్నారని నా గట్టి నమ్మకం.

ఇక కోచింగ్. మొదటి ఏడాది నేను కట్టాను. సెంటరు పేరు చెప్పను. గోడల నిండా పర్సంటైళ్ల పోస్టర్లు. ఫీజు ముప్ఫై రెండు వేలు, నా రెండు నెలల జీతం. ఆగస్టులో క్వాంట్ సార్ మానేశారు. కొత్తాయన వచ్చేదాకా రికార్డు చేసిన వీడియోలు వేశారు. ఇంగ్లీషుకైతే మూడు వేల పదాల పుస్తకం ఇచ్చి బట్టీ పట్టమన్నారు. ఋషికొండ వెళ్లే బస్సులో నిలబడి ఆ మూడు వేలూ చదివాను. నేను రాసిన రెండు క్యాట్లలోనూ పదానికి అర్థం అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ముప్ఫై నాలుగు ప్రశ్నల్లో ఇరవై నాలుగు ప్యాసేజీల మీదే. మిగతావి వాక్యాల వరస, పేరా సారాంశం లాంటివి. ఆ మూడు వేల పదాలకి పోయిన నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

రెండో ఏడాది కోచింగ్‌కి రూపాయి కట్టలేదు. ఒక మాక్ టెస్టుల (నమూనా పరీక్షల) సిరీస్ మాత్రం కొన్నాను. సెలవు దొరికితే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. ప్రతి ఆదివారం ఒక మాక్. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఒక్క మాక్‌నే తిరగేసేదాన్ని. డీఐఎల్‌ఆర్ మొదలవగానే పెన్ను ముట్టేదాన్ని కాదు. ఐదారు నిమిషాలు ఎనిమిది సెట్లూ చదవడమే. ప్యాడ్ మీద నంబర్లు వేసుకుని మూడు గుర్తులు: ఇప్పుడే చేసేవి, టైముంటే చూసేవి, ముట్టుకోనివి. మొదలుపెట్టిన సెట్ ఎనిమిది నిమిషాల్లో దారికి రాకపోతే అక్కడితో బయటికి. నోటుబుక్కులో స్కోరు పక్కనే ఇంకో గడి పెట్టుకున్నాను: ఈ వారం చదివి వదిలినవెన్ని? మొదటి నెల ఆ గడిలో సున్నాలే. వదలడం అంత కష్టంగా ఉండేది. దసరా నాటికి మూడు, నాలుగు రాయడం మొదలైంది. స్కోరు పెరిగిందీ అప్పుడే.

ఇంగ్లీషు సంగతి. దీనికి నాకు దొరికిన గురువు మా నాన్నే. ఆయన చదివింది ఐటీఐ. బీ షిఫ్ట్ దిగి రాత్రి పదకొండుకి అన్నానికి కూర్చున్నప్పుడు, ఆ రోజు చదివిన ఒక ఇంగ్లీషు వ్యాసం ఆయనకి తెలుగులో చెప్పేదాన్ని. పురాతన నగరాల మీద, తేనెటీగల మీద, కళల మీద, ఏదైనా సరే. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ వినేవారు. మధ్యలో ఆపి "అయితే ఇంతకీ ఆయన అనేదేటి? ఒప్పుకుంటన్నాడా, కాదంటన్నాడా?" అని అడిగేవారు. నాకు తట్టేది కాదు. అన్ని వాక్యాలూ అర్థమయ్యాయి, రాసినాయన ఏ పక్షమో మాత్రం తెలీదు. ప్యాసేజీ కింద అడిగే ప్రశ్నల్లో సగం అదే కదా! లేచి మళ్లీ చదివొచ్చి చెప్పేదాన్ని. నాలుగు నెలలు ఇదే పని. తెలుగు మీడియం వాళ్లకి ఇంగ్లీషు రాదనేది పెద్ద అబద్ధం. మన బుర్రలో తెలుగులో తేటగా ఉన్న విషయం ఇంగ్లీషు ఆప్షన్లలో చూసినా గుర్తుపడతాం. ఇంట్లో అలా వినేవాళ్లు ఎవరున్నా వాళ్లకి చెప్పండి. ఎవరూ లేకపోతే ఫోన్లో రికార్డు చేసుకుని మీరే వినండి.

2019 నవంబరు 24న రెండోసారి రాశాను. ఈసారి ఉదయం స్లాట్, ముక్కుపుడక ఇంట్లో దేవుడి దగ్గర. డీఐఎల్‌ఆర్‌లో మొదటి రెండు సెట్లు చదివి పక్కన పెట్టాను, చెయ్యి వణికింది గానీ పెట్టాను. నాలుగు సెట్లు చేశాను. పదహారులో పధ్నాలుగు ఒప్పు. తప్పయిన రెండూ ఆప్షన్లు లేకుండా జవాబు టైపు చేసేవి, వాటికి నెగటివ్ లేదు. మొత్తం మీద 94 పర్సంటైల్. మా బంధువులు "94 శాతం వచ్చిందట" అని ఊరంతా చెప్పారు. శాతం కాదు. ఆ ఏడాది రాసినవాళ్లు 2.09 లక్షల మంది. 94 పర్సంటైల్ అంటే నా ముందు దాదాపు పన్నెండున్నర వేల మంది ఉన్నారని. ఈ లెక్క ముందే మనసులో పెట్టుకుంటే, పెద్ద ఐఐఎంల నుంచి ఇంటర్వ్యూ కాల్ రాకపోయినా కుంగిపోరు. నాకూ రాలేదు. వచ్చిన వాటిలో ఒకచోట 2020లో చేరాను. కరోనా వల్ల మొదటి టర్మ్ మా డాబా మీద గదిలోంచే చదివాను.

మీరు అడగని సంగతి ఒకటి. ఓబీసీ కింద అప్లై చేస్తే, మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ సరిపోదు. కేంద్రం జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మా ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా "రెండూ ఒకటేనమ్మా" అని రాష్ట్రానిదే చేతిలో పెట్టి పంపాడు. అది తెలుసుకుని మళ్లీ తిరిగి తెచ్చుకునేసరికి మూడు వారాలు పట్టింది, రెండు సెలవులు పోయాయి. ఇది జూన్, జూలైలోనే చేసెయ్యండి.

నేను రాసినప్పటికీ ఇప్పటికీ తేడాలున్నాయి. 2020 నుంచి పరీక్ష రెండు గంటలకి తగ్గింది. సెక్షన్‌కి 40 నిమిషాలే. 2024లో మొత్తం ప్రశ్నలు 68, అందులో డీఐఎల్‌ఆర్ 22. టైము తగ్గింది కాబట్టి ఒక సెట్ దగ్గర కూర్చుండిపోతే ఇంకా ఎక్కువ నష్టం. 2017 నుంచి అసలు పేపర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కోచింగ్ మెటీరియల్ కంటే ముందు అవి చెయ్యండి. నేను క్యాట్‌కి చదివే రోజుల్లో ఐఐఎం విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిచేది. మద్దిలపాలెంలో బస్సు మారినప్పుడల్లా గుర్తొచ్చేది. ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఒక ఆదివారం ఆనందపురం వైపు వెళ్లి బయటి నుంచైనా చూసి రండి. గాజువాక వాళ్లకి అది బండి మీద వెళ్లి వచ్చే దూరమే.

కోచింగ్ డబ్బు ఇప్పుడే కట్టకండి. ఈ ఆదివారం 2023 పేపర్ టైము పెట్టుకుని రాయండి. రాశాక మార్కులు కాదు, ఎన్ని సెట్లు చదివి వదిలారో, ఒక్కోదాన్ని ఎన్నో నిమిషంలో వదిలారో ఈ జవాబు కింద రాయండి. నేను చూసి చెబుతాను.