‘అంతరించబడింది’ అనొచ్చా?

సందేహం: జంతువులు ఏ ప్రాంతంలో ఎందుకుంటాయి, మనుషుల వల్ల వాటికేమవుతోంది అని ఓ వ్యాసం రాస్తున్నానండి. "మానవుల వల్ల డోడో పక్షి అంతరించబడింది" అని రాస్తే మా ఫ్రెండ్ తప్పన్నాడు. ఉత్త "అంతరించింది" అంటేనేమో దానంతటదే పోయినట్టుంది. ఏం రాయాలి? ఇంకోటి, నేటివ్‌కీ ఎండెమిక్‌కీ రెండిటికీ "స్థానిక జాతి" అనే రాస్తున్నారు, సరేనా?

సమాధానం: మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టేనండి. 'బడు' చేరాలంటే ఆ క్రియకి కర్మ ఉండాలి. ఇంటిని నిర్మించారు కాబట్టి నిర్మించబడింది అనొచ్చు, అదీ రాతలోనే, మాటల్లో ఎవరూ అనరు. అంతరించుకి కర్మ లేదు. చివర 'ఇంచు' కనపడేసరికి రచించు, నిర్మించు లాంటిదే అనుకుని చాలామంది పొరబడతారు కానీ ఇది మరణించు, జన్మించు వరసలోది. మరణించబడ్డాడు అనం కదా.

కానీ మీకొచ్చిన ఇబ్బంది మాత్రం నిజమైందే, చేసినవాళ్లు కనపడాలి అన్నదే కదా మీ బాధ. దానికి 'బడు' అస్సలు పనికిరాదు, అది చేసినవాళ్లని ఇంకా వెనక్కి నెట్టేస్తుంది. "అంతరింపజేశారు" అనొచ్చు, వ్యాకరణం ఒప్పుకుంటుంది, కాకపోతే పనిగట్టుకుని చేసినట్టు వినిపిస్తుంది. డోడో బతికిన మారిషస్ దీవిలో జరిగింది చూడండి, 1598లో డచ్ నావికులు దిగారు, బతికున్న డోడోని ఆఖరిసారి చూసింది 1662లో అని ఎక్కువమంది ఒప్పుకుంటారు, అంటే 64 ఏళ్లు. వేటాడటం ఒక్కటే కాదు, ఓడల్లో వచ్చిన ఎలుకలూ పందులూ కోతులూ గుడ్లు తినేశాయి, ఆ పక్షికా ఎగరడం రాదు, గూడు నేలమీదే. అందుకని "మనుషులు వేటాడటంతో, వాళ్లతో వచ్చిన జంతువులు గుడ్లు తినేయడంతో డోడో అంతరించింది" అని రాయండి. "మానవుల వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చదివేవాడికి ఏమీ తెలీదు.

ఈ మాట వాడేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. సంస్కృతంలో అంతరితం అంటే మధ్యలో ఏదో అడ్డొచ్చి మరుగుపడింది అని కూడా అర్థం, కానీ ఇవాళ మనం అంతరించింది అంటే ఒక్కటి కూడా మిగల్లేదని. సీలకాంత్ అనే చేప కోట్ల ఏళ్ల కిందటే అంతరించిందనుకున్నారు, 1938లో దక్షిణాఫ్రికా దగ్గర వలలో పడింది! అది మరుగుపడిందంతే. గువామ్ దీవిలోకి సరుకుల ఓడల్లో చేరిన గోధుమరంగు చెట్టుపాము అక్కడి అడవి పక్షుల్ని దాదాపు ఊడ్చేసింది, కానీ వాటిలో గువామ్ లకుముకి పిట్ట జూల్లో బతికింది కాబట్టి "గువామ్ అడవుల్లో లేకుండా పోయింది" అనాలి, అంతరించింది అనకూడదు.

ఇక స్థానిక సంగతి. నేటివ్ అంటే అక్కడ సహజంగా ఉండేది, ఎండెమిక్ అంటే సహజంగా అక్కడ మాత్రమే ఉండేది, రెండిటికీ ఒకే మాట వాడితే అర్థం చెడుతుంది. సింహం ఆఫ్రికాకి స్థానికమే, కానీ గుజరాత్ గిర్ అడవుల్లోనూ ఉంది కాబట్టి ఆఫ్రికాకి ఎండెమిక్ కాదు. కోతుల్లాంటి లెమూర్లు సహజంగా మడగాస్కర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. పక్కనున్న కొమొరోస్ దీవుల్లో కనిపిస్తాయి గానీ అవి మనుషులు తీసుకెళ్లినవే అంటారు శాస్త్రవేత్తలు. చూశారా, ఉండటం వేరు, అక్కడివి కావడం వేరు, అక్కడ మాత్రమే ఉండటం వేరు. దీనికి కొత్త సంస్కృత పదం పుట్టించక్కర్లేదు, మన ఏకారం చాలు. లెమూర్లు కొమొరోస్‌లో ఉన్నాయి, కానీ సహజంగా ఉండేది మడగాస్కర్‌లోనే. ఆ చిన్న 'ఏ' ఎండెమిక్ పని మొత్తం చేసేస్తుంది. నామవాచకమే కావాలంటే నేటివ్‌కి స్థానిక జాతి ఉంచేసి, ఎండెమిక్‌కి "మడగాస్కర్‌కే పరిమితమైన జాతి" అని ఊరిపేరుతో సహా రాయండి, నేనైతే అలాగే రాస్తాను.