సమాధానం: ఫ్లోరెన్స్ నుంచి కియాంటీ, కారు తీసుకోవాలా?

అమ్మానాన్నలతో ఫ్లోరెన్స్‌లో మూడు రోజులు, మధ్యలో సోమవారం, దగ్గరలోని వైన్ తోటల కొండ ప్రాంతం కియాంటీలో ఒక వైనరీ చూడాలి, కారు అద్దెకు తీసుకోవాలా అని కదా మీ ప్రశ్న. వైనరీని సోమవారానికే పెట్టేయండి. ఉఫీజీ, అకాడెమియా మ్యూజియంలు రెండూ సోమవారం మూసేస్తారు, ఎలాగూ ఆ రోజు ఊళ్లో పెద్దగా పని ఉండదు.

కారు మాత్రం వద్దంటాను. పాత ఊరంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా మీరు ఇంటికొచ్చాక తాపీగా వస్తుంది. పైగా వైన్ రుచి చూసి ఆ కొండ మలుపుల్లో నడిపేదెవరు? కియాంటీలోని గ్రేవే ఊరికి బస్సుంది, దాదాపు గంట. దారిలోనే వెర్రాట్సానో కోట, అదీ వైనరీయే; 1524లో న్యూయార్క్ రేవులోకి వెళ్లిన నావికుడి వంశానిది ఒకప్పుడు. కానీ బస్ స్టాపు నుంచి కొండ ఎక్కాలి, పెద్దవాళ్లకు కష్టం. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకుంటే నయం.

అలా అయితే నా ఓటు కియాంటీలోనే ఉన్న మరో వైనరీ, బ్రోలియో కోటకే. 1141 నుంచి రికాసోలీ కుటుంబం చేతిలో ఉంది. సాంజోవేజే అనే ద్రాక్ష ప్రధానంగా కియాంటీ వైన్ పాళ్లు 1872లో రాసిపెట్టింది ఆ ఇంటివాడే, ఇటలీ రెండో ప్రధాని బెట్టీనో రికాసోలీ. మీ నాన్నగారు తాగకపోయినా తోట, ప్రాకారం మీద నుంచి సియెనా వైపు దృశ్యం చాలు. ముందే బుక్ చేసుకోండి.

భోజనానికి రిబొల్లీటా, రొట్టె-చిక్కుడు గింజల పులుసు. "సెంజా కార్నే" అని అడిగి, మాంసం లేదని తేల్చుకున్నాకే చెప్పండి.