పాఠకుల ప్రశ్నలు: ‘మాయాబజార్’లో ధర్మరాజు కనిపించాడా?

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. చిన్నప్పుడు మా ఊరి డేరా టాకీసులో నేల మీద కూర్చుని ‘మాయాబజార్’ చూశానని, అందులో శశిరేఖ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుందని, ధర్మరాజు తలవంచుకుని కూర్చున్న దృశ్యం ఒకటి ఉందని ఎప్పుడూ చెబుతుంటారు. మొన్న పండక్కి వచ్చిన పిల్లలు సెల్‌ఫోనులో పాత సినిమా పెట్టి, రంగూ లేదు, ధర్మరాజూ లేడని నవ్వారు. అప్పటినుంచి ఆయన ఆ సినిమా మాటే ఎత్తడం లేదు. ఆయనకు మతిమరుపు మొదలైందని అనుకోవాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ భయం సంగతి చెబుతాను. వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకోవడం, రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, అడిగిన మాటనే గంటలో నాలుగుసార్లు అడగడం వంటివి కనబడితే వైద్యుణ్ణి కలవాలి. మీరు రాసిన ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. అరవై ఏళ్ల కిందట చూసిన సినిమాలో ఒక చీర రంగు మరోలా గుర్తుండటం మతిమరుపు కాదు.

పిల్లలు చెప్పింది మాత్రం నిజమే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ నలుపు తెలుపు చిత్రం. పూర్తి నిడివి రంగుల్లో మొదటి తెలుగు చిత్రమైన ‘లవకుశ’ వచ్చింది 1963లో. ఇక పాండవుల విషయానికి వస్తే, వారి కష్టాలతోనే కథ నడిచినా ఆ ఐదుగురిలో ఒక్కరూ తెరమీద కనబడరు. మన తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి. రెడ్డి గారు సుభద్ర, అభిమన్యుల ద్వారానే ఆ దుఃఖమంతా చెప్పించారు. ఆ పని ఎంత నేర్పుగా జరిగిందంటే, సినిమాను పదిసార్లు చూసినవారు కూడా ‘పాండవులు ఎక్కడున్నారు?’ అని అడిగితే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు.

అయితే మీ నాన్నగారు ఆ ఆకుపచ్చను గాలిలోంచి తేలేదు. సినిమా నలుపు తెలుపైనా ఆ రోజుల్లో గోడపత్రికలు రంగుల్లోనే అచ్చయ్యేవి. డేరాలోకి అడుగు పెట్టకముందే సినిమా రంగుల్లో కళ్లబడేది. పాటల పుస్తకం అట్ట మీదా రంగే ఉండేది. తరువాత 2010లో ఆ చిత్రానికి కంప్యూటరు మీద రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. ఆ రంగుల ప్రతిని ఆయన టీవీలో ఒక్కసారి చూసినా చాలు, ఆ చీర వెనక్కి నడిచి వెళ్లి చిన్ననాటి డేరాలో శశిరేఖకు చేరుతుంది. ఈ మాట నా అనుభవం మీద కూడా చెబుతున్నాను. ఘటోత్కచుడి విందు పాటలోని లడ్లు నాకు ఈనాటికీ నేతిలో నిగనిగలాడుతూ పసుపుపచ్చగానే కనబడతాయి. నేను చూసినది నలుపు తెలుపు ప్రింటే. ఆ పసుపు మా అమ్మ చేసిన లడ్లది.

ధర్మరాజుకు కూడా ఆధారం ఉంది. ‘మాయాబజార్’లో కర్ణుడి వేషం వేసినవారు మిక్కిలినేని. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ధర్మరాజు ఆయనే. మొదటి దానిలో శశిరేఖ అయిన సావిత్రి రెండోదానిలో ద్రౌపది, ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు కీచకుడు. కిరీటాలూ సింహాసనాలూ ఒకే తీరుగా కనిపించే రెండు చిత్రాల్లో అవే ముఖాలు ఎదురైనప్పుడు, ఒకదానిలోని దృశ్యం మరొకదానిలో చేరిపోవడం చాలా సహజం. పైగా మీది కడప జిల్లా. సురభి నాటక సమాజం 1885లో పుట్టింది ఈ జిల్లాలోని సురభి గ్రామంలోనే. వారి ‘మాయాబజార్’ నాటకానికి ఎంత పేరుందో మీకు తెలియనిది కాదు. మన పల్లెల్లో తిరునాళ్లకు వేసే కురుక్షేత్రం నాటకంలో, పెట్రోమాక్స్ వెలుగులో మెరిసే మఖమలు అంగీతో ధర్మరాజు గంటల తరబడి పద్యాలు పాడేవాడు. ఇవన్నీ ఆ వయసులోనే, ఆ ఊళ్లలోనే చూసిన మనిషికి ఏది డేరాదో, ఏది రచ్చబండ ముందరిదో వేరు చేసి చెప్పడం ఎలా సాధ్యం?

ఇది వృద్ధులకే జరిగేదీ కాదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికా పరిశోధకులు 150 మంది విద్యార్థులకు కార్లు ఢీకొనే చిన్న చిత్రం చూపించారు. కార్లు ‘తగిలినప్పుడు’ వేగమెంత అని ఒక 50 మందినీ, ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ వేగమెంత అని మరో 50 మందినీ అడిగారు. మిగిలినవారిని వేగం గురించి అడగలేదు. వారం తరువాత ‘పగిలిన గాజు చూశారా?’ అని అందరినీ అడిగితే, ‘తగిలిన’ మాట విన్నవారిలో 7గురు, ‘గుద్దుకున్న’ మాట విన్నవారిలో 16 మంది చూశామన్నారు. ఆ చిత్రంలో గాజు పగలనే లేదు. ఇరవై ఏళ్ల పిల్లలకు వారంలో, ఒక్క మాట మార్పుతో ఇంత జరిగినప్పుడు, అరవై ఏళ్ల జ్ఞాపకాన్ని పట్టుకుని పెద్దాయనను నవ్వులపాలు చేయడం నాకు బాధ కలిగించింది. పిల్లల చేత ఆయనకు క్షమాపణ చెప్పించండి. ఆ తరువాత అదే నలుపు తెలుపు సినిమాను ఆయన పక్కన కూర్చుని చూస్తూ, కర్ణుడు వచ్చిన చోట ఆపి, ‘ఈయన్ని ఇంకెక్కడ చూశారు నాన్నా?’ అని అడగండి. డేరాకు ఎవరితో వెళ్లారో, విరామంలో ఏం కొనుక్కున్నారో కూడా అడగండి.

ప్రశ్న: ‘అరే ఓ సాంబా, కితనే ఆద్మీ థే?’ అని ‘షోలే’లో గబ్బర్ సింగ్ అడుగుతాడని నేనూ, అలా అడగడని నా మిత్రుడూ పందెం కట్టాము. ఎవరిది గెలుపు?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: మీ మిత్రుడిదే. ‘కితనే ఆద్మీ థే’, అంటే ‘ఎంతమంది ఉన్నారు?’ అన్న ప్రశ్న ఓడి తిరిగివచ్చిన కాలియా బృందానికి వేసినది. ‘అరే ఓ సాంబా’ అని పిలిచి అడిగేది తన తల మీద ప్రభుత్వం ఎంత బహుమతి పెట్టిందని. రెండూ ఒకే సన్నివేశంలోనివి కనుక, 1975 నుంచి ఇప్పటిదాకా వేదికలెక్కిన మిమిక్రీ కళాకారులు వాటిని అతికించి ఒక్క వాక్యం చేశారు. మీ చెవిన పడింది ఆ అతుకే.

ప్రశ్న: ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని అద్దమని మా అత్తగారు, పెట్టె అని నేను. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: మూత తెరిచి చూసే పేటిక. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ల్యాప్‌టాప్ అంటున్నారు. మీ అత్తగారు అద్దమనుకోవడానికి కారణం అది చేసే పనిలోనే ఉంది. అద్దం చూసేవారి ముఖాన్ని చూపిస్తే, ఇది చూసేవారి మనసులో మెదిలే ప్రియమైనదాన్ని చూపిస్తుంది. శశిరేఖకు అందులో అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని కనబడతారు.