వంటింటి ప్రశ్నలు: కఢీ, థేప్లా, రాజ్‌కోట్ కోడలు

ప్రశ్న: గుజరాతీ కఢీ చేస్తుంటే పొయ్యి మీదే విరిగిపోతోంది. పైగా అందులో బెల్లం అంటే మా ఇంట్లో ఎవరికీ మనసొప్పడం లేదు. మానేస్తే ఏమవుతుంది?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: ముందు విరగడం సంగతి చూద్దాం. పెరుగూ శనగపిండీ పొయ్యి ఎక్కకముందే ఒకటైపోవాలి. కప్పు పుల్లటి పెరుగులో రెండు పెద్ద చెంచాల శనగపిండి వేసి, ఉండలు లేకుండా కవ్వంతో చిలకండి. ఆ తర్వాతే రెండున్నర కప్పుల నీళ్లు. సన్నని సెగ మీద మొదటి పొంగు వచ్చేదాకా గరిటె తిప్పుతూనే ఉండాలి; ఫోను మోగితే మోగనివ్వండి. పొంగు వచ్చాక ఇక భయం లేదు. ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిర్చి వేసి పది నిమిషాలు మరిగించండి. పోపు నేతిలోనే పెట్టాలి. జీలకర్ర, ఆవాలు, కాసిని మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పాటు రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క వేస్తారు. పసుపు జోలికి పోకండి. మజ్జిగ పులుసు పచ్చగా ఉంటేనే అందం, ఈ కఢీ తెల్లగా ఉంటేనే అందం.

ఇక బెల్లం. ఈ కొలతకు ఉసిరికాయంత చాలు, తీపి విడిగా తెలియదు, పులుపు మాత్రం నాలుకను కొరకదు. మానేస్తే కొంపలేమీ మునగవు, మజ్జిగ పులుసుకు చుట్టం లాంటిది తయారవుతుంది. దానికోసం గుజరాత్ దాకా వెళ్లడం దేనికి? పప్పుచారులో బెల్లం ముక్క వేసే ఇళ్లు మన దగ్గర మాత్రం లేవా! వడోదరలో నేను కాపురమున్నప్పుడు పక్కింటి పెద్దావిడ కఢీని ఖిచిడీ మీద పోసుకునేది, మిగిలింది చిన్న గిన్నెతో ఎత్తి తాగేసేది. అలా తాగాలనిపించేంత పలుచగా ఉండాలి. గరిటె నిలబడిందంటే అది పిండి ఉడకబెట్టినట్టే.

ప్రశ్న: ప్రయాణానికి చేసిన థేప్లాలు (గుజరాతీ మెంతికూర రొట్టెలు) మర్నాటికే అట్టముక్కల్లా అవుతున్నాయి.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: నీళ్లతో కలుపుతున్నారేమో చూసుకోండి. రెండు కప్పుల గోధుమపిండికి గుప్పెడు శనగపిండి, కప్పు సన్నగా తరిగిన మెంతికూర, నువ్వులు, పసుపు, కారం, ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె వేసి, పెరుగుతోనే కలపండి. కూర కడిగాక తడి పూర్తిగా ఆరాలి. పలుచగా ఒత్తి, బాగా కాలిన పెనం మీద నూనె వేస్తూ అట్లకాడతో అదిమి త్వరగా తీసేయండి. సన్నని సెగ మీద నాననిస్తే గట్టిపడతాయి. వేడి మీద డబ్బాలో పెట్టకండి, చెమ్మ పట్టి పాడవుతాయి. రెండు రోజులు దాటే ప్రయాణమైతే పెరుగు మానేసి నూనె పెంచండి. తోడుకు అక్కడివాళ్లు ఛుందో పెట్టుకుంటారు, తురిమిన మామిడికాయను పంచదారతో కలిపి ఎండబెట్టే పచ్చడి. ఆవకాయా అదిరిపోతుంది.

ప్రశ్న: ఖమణ్, ఢోక్లా ఒకటేనా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: కాదు, రెండూ ఆవిరి మీద ఉడికించే గుజరాతీ ఫలహారాలే అయినా. ఖమణ్ శనగపప్పుది, పచ్చగా స్పాంజిలా ఉంటుంది. ఢోక్లా బియ్యమూ పప్పూ పులియబెట్టిన పిండితో చేసేది. మిఠాయి దుకాణాల్లో ఢోక్లా పేరుతో మీకు అమ్మేది చాలాసార్లు ఖమణే.

ప్రశ్న: మా కోడలు రాజ్‌కోట్ అమ్మాయి. మొదటిసారి వస్తోంది. తీపి కూరలు నాకు చేతకావు. ఏం వండను?
– ఒక అత్తగారు, వరంగల్

జవాబు: తీపి అని మీకెవరు చెప్పారమ్మా? రాజ్‌కోట్ ఉన్నది కాఠియావాడ్‌లో, అంటే గుజరాత్‌లోని సౌరాష్ట్ర ప్రాంతంలో. వెల్లుల్లి, కారం దండిగా పడతాయి. సేవ్ టమేటా చేయండి, పావుగంట పని. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఇంగువ చిటపటమన్నాక కారంతో నూరిన వెల్లుల్లి, టమాటా ముక్కలు, పసుపు, ధనియాల పొడి, చిటికెడు బెల్లం వేసి మగ్గించి, నీళ్లు పోసి మరిగించండి. కాస్త లావు కారప్పూస వడ్డించే ముందే వేయాలి, ముందే వేస్తే ముద్దయిపోతుంది. అయితే వాళ్లింట్లో ఉల్లి, వెల్లుల్లి తింటారో లేదో ముందుగా మీ అబ్బాయిని అడగండి. జైనులు, కొందరు వైష్ణవులు ముట్టరు. మర్నాడు ధైర్యంగా గుత్తివంకాయ వండండి. వేరుశనగపొడి కూరిన వంకాయను ఆ అమ్మాయి పుట్టింట్లో భరేలా రింగణ్ అంటారు.