ఇండోనేషియా ప్రేమకథలో 'నేను' ఎన్ని రకాలు? జకార్తా కొత్తవాళ్ల సందేహానికి జవాబు

సందేహం: జకార్తాకు వచ్చి మూడు నెలలైంది. ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్నాం. భాష పట్టుబడాలంటే ఇక్కడి ప్రేమకథలు చూడమని అందరూ అంటున్నారు. చూస్తే హీరో నాలుగు ముక్కలు కూడా గట్టిగా మాట్లాడడు. జనం మాత్రం అతని నటనను ఇరవై ఏళ్లుగా తలుచుకుంటున్నారు. మాకెందుకు అర్థం కావడం లేదు? ఏ సినిమా, ఎలా చూడాలి?

జవాబు: మీకు అడ్డం పడుతున్నది ఇంగ్లీషు సబ్‌టైటిల్. అందులో 'ఐ', 'యూ' అని రెండే మాటలుంటాయి. ఇండోనేషియా భాషలో 'నేను'కు వాడుకలో మూడు మాటలున్నాయి. 'సాయా' మర్యాదగా, కాస్త దూరం పాటిస్తూ అనేది. 'ఆకు' దగ్గరివాళ్లతో అనేది (మన ఆకే, గుర్తుపెట్టుకోవడం తేలిక). 'గుఎ' జకార్తా కుర్రకారు మాట. 'నువ్వు' సంగతీ అంతే. 'గుఎ'కు జోడీ 'లో', 'ఆకు'కు జోడీ 'కాము', అప్లికేషన్ ఫారాల్లో, ప్రకటనల్లో కనిపించేది 'అండా'. ఎవరు ఎవరితో ఏ జోడీ వాడుతున్నారు, ఎక్కడ మార్చారు అన్నదాంట్లోనే సగం నటన ఉంటుంది. మన సినిమాలో హీరోయిన్ 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగిన క్షణాన్ని మనం వెంటనే పట్టేస్తాం కదా, ఇక్కడివాళ్లు ఇదీ అలాగే పట్టేస్తారు.

ముందుగా 2002లో వచ్చిన 'అదా అపా దెంగన్ చింతా?' చూడండి. దర్శకుడు రూడీ సుజార్వో, నిర్మాతలు మీరా లెస్మానా, రీరీ రిజా. 1990లలో బాగా పడిపోయిన ఇండోనేషియా సినిమాకు మళ్లీ జనాన్ని రప్పించిన చిత్రాల్లో ఇదొకటి. పేరుకు అర్థం 'చింతాకు ఏమైంది?', అందులోనే శ్లేష ఉంది. చింతా హీరోయిన్ పేరు, ఆ మాటకు అర్థం ప్రేమ. ఈ భాషలో రోమన్ 'సి' అక్షరాన్ని 'చ' అని పలుకుతారు కాబట్టి అది అక్షరాలా మన చింతే. సంస్కృతం నుంచి వెళ్లిన ఒకే మాట మన దగ్గర దిగులైంది, వాళ్ల దగ్గర ప్రేమైంది.

కథ స్కూల్లో. చింతా (దియాన్ సాస్త్రోవర్దోయో) స్కూలు గోడపత్రిక నడుపుతుంది, నలుగురు స్నేహితురాళ్లను విడిచి ఉండదు. కవితల పోటీలో ఆమెకు రావలసిన బహుమతి ఎవరితోనూ కలవని రాంగ్గాకు (నికోలస్ సపుత్ర) వస్తుంది. కవిత పంపింది అతను కాదు, స్కూల్లో పనిచేసే పెద్దాయన. ఇంటర్వ్యూ కోసం చింతా వెళ్తే రాంగ్గా పట్టించుకోడు.

ఇక్కడి నుంచి చెవి పెట్టి వినండి. స్కూలంతా 'గుఎ', 'లో' అని మాట్లాడుకుంటుంటే రాంగ్గా ఒక్కడే 'సాయా' అంటాడు. ఆ వయసు కుర్రాడు తోటి పిల్లతో 'సాయా' అనడం మన కాలేజీలో ఒకడు తోటివాళ్లందరినీ 'మీరు, తమరు' అన్నంత వింతగా ఉంటుంది. అతని ఒంటరితనం, పంతం, పుస్తకాల మధ్య పెరిగిన తీరు ఆ ఒక్క మాటలో చెప్పేస్తాడు. నికోలస్ సపుత్ర గొంతు పెంచకపోవడం చేతకాక కాదు. కళ్లు పుస్తకంలోంచి ఎత్తడానికి అతను ఎంతసేపు తీసుకుంటాడో గమనించండి. మొదటి గొడవలో ఎత్తడానికే ఇష్టపడడు, తర్వాత్తర్వాత ఆ వ్యవధి తగ్గుతూ వస్తుంది. అప్పటికి అతనికి ఇరవై కూడా నిండలేదు. 2005లో 'గీ' సినిమాకు ఉత్తమ నటుడిగా చిత్రా పురస్కారం అందుకున్నాడు, అది మన జాతీయ చలనచిత్ర పురస్కారాల లాంటిది.

గ్రంథాలయంలో ఇద్దరూ మాటామాటా అనుకున్నాక రాంగ్గా ఒక పుస్తకం జారవిడుచుకుంటాడు, చింతా దాన్ని తీస్తుంది. దాని పేరు 'ఆకు', అంటే 'నేను'. 1949లో 26 ఏళ్లకే చనిపోయిన కవి ఖైరిల్ అన్వర్ జీవితం మీద స్జుమాన్ జాయా రాసిన సినిమా స్క్రిప్టు అది. 'సాయా' తప్ప మరో మాట అనని కుర్రాడి చేతిలోంచి 'ఆకు' అనే పుస్తకం పడిందన్నమాట. సబ్‌టైటిల్ ఇది చెప్పదు.

దియాన్ నటన దీనికి పూర్తిగా భిన్నం. ఆమెకు రెండు గొంతులున్నాయి. స్నేహితురాళ్ల మధ్య గలగలా మాట్లాడే గొంతు ఒకటి, రాంగ్గా ముందు మాట తడబడే గొంతు మరొకటి. స్నేహితురాళ్లకు అబద్ధం చెప్పి రాంగ్గాతో వెళ్లిన రాత్రే స్నేహితురాలు ఆల్యా ఆత్మహత్యకు ప్రయత్నిస్తుంది. ఆ తర్వాత ఆమె ముఖంలో ప్రేమ, అపరాధభావం ఒకేసారి కనిపిస్తాయి. 2004లో చిత్రా పురస్కారాలను మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఉత్తమ నటి ఆమే. ఈ ఆత్మహత్య ఘట్టం ఉంది కాబట్టి చిన్నపిల్లలతో చూసేముందు మీరొకసారి చూసుకోండి.

మూడుసార్లు చూస్తే ఫలితం ఉంటుంది. మొదటిసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్‌తో ఆపకుండా చూసి, కథ మాత్రం పట్టుకోండి. రెండోసారి ఇండోనేషియా సబ్‌టైటిల్ పెట్టి రోజుకు పదేసి నిమిషాలు చూడండి. నోటుబుక్కులో రెండు గడులు గీసి ఒకదాంట్లో ఎవరు ఎవరితో, రెండోదాంట్లో ఏ 'నేను', ఏ 'నువ్వు' అని రాయండి. అర్థాలు వెతుక్కుంటూ కూర్చోకండి, ఈ రెండే రాయండి. మూడోసారి సబ్‌టైటిల్ లేకుండా గ్రంథాలయం ఘట్టం, చివరి విమానాశ్రయం ఘట్టం చాలు. ఒక చిక్కుంది. సబ్‌టైటిల్‌లో కొన్నిచోట్ల పుస్తకభాష 'తిదక్' పడుతుంది, నటులనేది 'ఙ్గక్' (కాదు, లేదు). అలాగే 'సుదా' అని రాసి ఉన్నచోట 'ఉదా' (అయిపోయింది) వినిపిస్తుంది. అప్పుడు చెవినే నమ్మండి.

మాట చివర తగిలించే చిన్న ముక్కలు కోర్సు పుస్తకాల్లో సరిగా ఉండవు కానీ మనకు కష్టం కాదు. 'ఇయా దోంగ్' అంటే 'అవును మరి'. 'యా ఉదా దే' అంటే 'సర్లే'. 'అపా సీ' అంటే 'అబ్బా, ఏంటి అసలు'. 'కో గితూ' అంటే 'అదేంటలా'. ఇంగ్లీషులోంచి నేర్చుకునేవాళ్లు వీటితో తంటాలు పడతారు. మనకు మరి, లే, అబ్బా ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి.

మోసం చేసేవి సంస్కృతం మాటలే. తెలిసినట్టే ఉంటాయి, అర్థం వేరే. 'సువామి' అంటే స్వామీజీ కాదు, భర్త. 'ఇస్త్రి' భార్య, మన స్త్రీ నుంచి వచ్చింది. 'సెతియా' సత్యం నుంచి వచ్చింది, విశ్వాసంగా ఉండటం అని అర్థం. 'సెంగ్‌సారా' మన సంసారమే, అక్కడ దాని అర్థం అచ్చంగా బాధ. 'సుకా' అంటే ఇష్టం. 'కాతా' కథ కాదు, మాట.

భాష మరీ కొత్తైతే 2018 నాటి 'దిలాన్ 1990' ముందు చూసినా తప్పులేదు. బాందుంగ్ నగరంలో జరిగే స్కూలు ప్రేమకథ, 63 లక్షల మందికి పైగా థియేటర్‌లో చూశారు. ఇక్బాల్ రమదాన్ చేసిన దిలాన్ కావాలనే పుస్తకంలా, పదాలు మింగకుండా మాట్లాడతాడు కాబట్టి చెవికి అందుతుంది. నటనలో లోతు మాత్రం మొదటి సినిమా అంత లేదు. వనేషా ప్రెసిలా సహజంగా ఉంటుంది (ఆమె అక్క సిస్సీ ప్రిసిలియా 2002 సినిమాలో చింతా స్నేహితురాలు మిల్లీ).

పెళ్లయి పరాయి దేశం వచ్చినవాళ్లు తప్పక చూడవలసింది 2012 నాటి 'హబీబీ అండ్ ఐనున్'. తర్వాత దేశాధ్యక్షుడైన ఇంజినీరు హబీబీ, భార్యతో జర్మనీలోని ఆహెన్‌లో కాపురం పెట్టిన రోజులు ఇందులో ఉన్నాయి. రెజా రహదియాన్ హబీబీ నడకను, పెద్దవి చేసే కళ్లను, వేగంగా దొర్లే మాటను దింపాడు, 2013లో ఉత్తమ నటుడి చిత్రా పురస్కారం అతనిదే. ఐనున్‌గా చేసిన బుంగా చిత్రా లెస్తారి గాయని కూడా. చిన్నప్పుడు ఐనున్‌ను 'గులా జావా'లా నల్లగా ఉన్నావని ఏడిపించిన హబీబీ, పెద్దయ్యాక చూసి గులా జావా పంచదార అయిపోయిందంటాడు. గులా జావా అంటే మన తాటిబెల్లం లాంటి ముదురు బెల్లం. 'గులా' కూడా సంస్కృతం 'గుడ'మే. ఆ మాట మనకు సబ్‌టైటిల్ లేకుండానే అందుతుంది.

ఓటీటీలో ఇండియా అకౌంట్ ఉన్నా సాధారణంగా మీరున్న దేశం జాబితానే కనిపిస్తుంది. కావలసిన సబ్‌టైటిల్ కనపడకపోతే ప్రొఫైల్ భాష మార్చి చూడండి. థియేటర్‌లో ఇండోనేషియా సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఉంటుందని నమ్ముకోకండి. ఇంగ్లీషు సినిమాకు కింద పడేవి ఇండోనేషియా అక్షరాలు. వయసు గుర్తులు ఎస్‌యూ (అన్ని వయసులవాళ్లకూ), 13+, 17+, 21+ అని ఉంటాయి. ఇంటర్వెల్ ఉండదు, పిల్లల్ని ముందే బాత్రూమ్‌కు తీసుకెళ్లండి. శుక్ర, శని, ఆదివారాల్లో టికెట్ ధర ఎక్కువ.

ఇక సినిమాలో విన్నది బయట వాడేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. మేనేజరుతో 'గుఎ', 'లో' అనడం. అది మన దగ్గర 'ఏరా' అన్నట్టే. 'ఆకు' కూడా వద్దు. 'అండా' అంటే ఫారం చదివినట్టుంటుంది. ఇక్కడివాళ్లు మనలాగే వరసలతో పిలుస్తారు. పెద్దాయనను 'పా', పెద్దావిడను 'బు', మీ ఈడు అబ్బాయిని 'మాస్', అమ్మాయిని 'మ్బా' అంటారు. బాందుంగ్‌లోనైతే 'ఆ', 'తెతే'. 'నువ్వు' అనవలసిన చోటల్లా ఆ వరసే పెట్టి, మీకు మీరు 'సాయా' అనుకోండి. టికెట్ కౌంటర్ దగ్గర మొదలుపెట్టొచ్చు: 'మ్బా, సాయా మావు దువా తికెత్.' అక్కా, నాకు రెండు టికెట్లు కావాలి.