మడిచిన ఫైబర్, మార్చని పాస్‌వర్డ్

ప్రశ్న: ఫైబర్ వైరు ఎక్కడా తెగలేదు. అయినా బాక్సు మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది, నెట్ పోతోంది. వైరు పీకి చూస్తే చివర వెలుతురే లేదు. బాక్సు పాడైందా? (చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు)

ముందు ఆ వైరు చివర కంటి దగ్గర పెట్టుకోవడం మానండి. ఇళ్ల కనెక్షన్లలో మనవైపు వచ్చేది సాధారణంగా 1490 నానోమీటర్ల లేజర్, ఇన్‌ఫ్రారెడ్. కంటికి కనపడదు గానీ ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. ఫొటో పంపమంటే, గోడ మూలన నిలువునా మడిచి మేకు కొట్టిన వైరే కనిపిస్తుంది. అది రాగి తీగ కాదండీ, గాజు! మధ్యలో 9 మైక్రాన్ల కోర్, చుట్టూ వక్రీభవన గుణకం (వెలుగును వంచే గుణం) కాస్త తక్కువున్న ఇంకో గాజు పొర. చెరువులో మునిగి ఏటవాలుగా పైకి చూస్తే నీటి పైభాగం అద్దంలా కనిపిస్తుంది కదా, వెలుగు ఆ రెండు గాజుల సరిహద్దులో అలాగే వెనక్కి తిరిగి కోర్‌లోనే సాగిపోతుంది. వైరును బిగించి మడిస్తే ఆ కోణం చెడి వెలుగు బయటికి కారిపోతుంది. మంచి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు పోయే వెలుగు 0.2 డెసిబెల్సే (డెసిబెల్ అంటే వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత). ఒక్క మడత అంతకు ఎన్నో రెట్లు తినేయగలదు. గాజును బాగా శుద్ధి చేస్తే సమాచారం దూరం పంపొచ్చని 1966లో చూపించిన శాస్త్రవేత్త చార్లెస్ కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఆ వెలుగును మనం గుమ్మం దగ్గర మేకుతో పారబోస్తున్నాం.

మిగిలిన వైరును అరచేయంత వెడల్పు చుట్టగా వదులుగా పెట్టండి. బాక్సు సెట్టింగుల్లో ఆర్‌ఎక్స్ పవర్ (బాక్సుకు అందుతున్న వెలుగు బలం) మైనస్ 27 డీబీఎం కంటే కిందికి, అంటే మైనస్ 28, మైనస్ 30 అలా పడితే కేబుల్ అబ్బాయిని పిలవండి.

ఆ సెట్టింగుల్లోకి ఏ పాస్‌వర్డ్‌తో వెళ్తారు? నాకు అసలు టెన్షన్ అక్కడే. ఫైబర్‌ను ఎవరూ ట్యాప్ చేయలేరని చాలామంది నమ్మకం. చేయొచ్చు. తీగను కొద్దిగా వంచి, కారే వెలుగును చదవొచ్చు. టెక్నీషియన్లు లైను తెంచకుండా పరీక్షించేదీ ఆ పద్ధతిలోనే. కానీ మీ ఇంటి కోసం దొంగ అంత కష్టపడడు. బాక్సుకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘అడ్మిన్, అడ్మిన్’ అని కొడితే చాలు. డీఎన్‌ఎస్ (సైటు పేరు కొడితే దాని చిరునామా వెతికిచ్చే ఏర్పాటు) మార్చేస్తాడు, మీరు బ్యాంకు పేరు కొడితే వాడి పేజీ తెరుచుకోవచ్చు. బ్రౌజర్ హెచ్చరిస్తుంది, మనవాళ్లు చదవకుండా ముందుకు నొక్కేస్తారు. పాస్‌వర్డ్ మార్చేదాకా నెట్ ఇవ్వని బాక్సు తయారు చేయడం అంత కష్టమా? ఊరంతటికీ ఒకే పాస్‌వర్డ్‌తో పెట్టెలు పంచేవాళ్లు, పెట్టి వెళ్లిపోయే ముందు అది మార్చాలని ఒక్క మాటైనా చెప్పరు. మీరైతే ఈ రోజే మార్చండి. బయటి నుంచి బాక్సులోకి రానిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే, ఆపమని ఆపరేటర్‌ను గట్టిగా అడగండి.